హారన్ విన్నాక వార్చిన అన్నం

దాసు గురించి చెప్పమంటే ముందు అతని తిండి గురించి చెప్పాలి. విశాఖపట్నం నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కే బస్సుకి అతను డ్రైవరు, నేను కండక్టరు. నా పేరు బంగార్రాజు. చిల్లర కోసం అరిచి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళ మీద అరిచి, సీటు కింద కోడిపుంజుని దాచేవాళ్ళ మీద అరిచి నా గొంతు ఇలా తయారైంది. ఇప్పుడు మంచినీళ్ళడిగినా దెబ్బలాటకొచ్చాననుకుంటారు. అనుకోనివ్వండి. దాసుకి ఆ బాధ లేదు, అతను మాట్లాడడు. రోడ్డు అతనిది, జనం నాది. పని అలా పంచుకుని రిటైరయ్యేదాకా లాక్కొచ్చాం. ఇళ్ళు కూడా చోడవరం అవతల ఒకే వీధిలో.

అతను పుట్టింది దేవరాపల్లి దగ్గర ఒక పల్లెలో. తండ్రి ఎడ్లబండి మీద గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. దాసు ముందు ఎడ్లు తోలాడు, తర్వాత చెరుకు లారీకి క్లీనరయ్యాడు, ఆ తర్వాత స్టీరింగు పట్టాడు, చివరికి ఆర్టీసీలోకి వచ్చాడు. ఘాటు రోడ్డులో అతని బండి ఎక్కినవాళ్ళు హాయిగా నిద్రపోయేవాళ్ళు. డ్రైవరుకి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఇంకోటి ఉండదు.

బండి నడిపినంత శ్రద్ధగానూ అన్నం తినేవాడు. రూట్లో ఎక్కడ ఏది బాగుంటుందో అతనికి కంఠతా వచ్చు. సబ్బవరంలో ఇడ్లీ ఎవరి దగ్గర, మాడుగుల హల్వా ఏ కొట్లో, డ్యూటీ దిగాక చోడవరం ఊరి చివర దేముడమ్మ పాకలో తాటికల్లు. వీటన్నిటికీ పైన మలుపు హోటలు. అది దాని అసలు పేరు కాదు, ఘాటు మొదట్లో మలుపు దగ్గరుందని మేం పెట్టుకున్న పేరు. పాడేరు నుంచి దిగేటప్పుడు మధ్యాహ్నం భోజనానికి బస్సు అక్కడ ఆపేవాళ్ళం. బస్సు నిండా జనాన్ని తెచ్చి దింపుతాం కాబట్టి డ్రైవరుకీ కండక్టరుకీ భోజనం ఊరికే పెడతారు. రోడ్డు మీద పాత మర్యాద అది. ప్రయాణికులు ముందు హాల్లో తింటారు, మేం వెనక గదిలో తింటాం.

ఆ వెనక గదిలో తిన్న అన్నం దాసు నెత్తికెక్కింది. ఇంటికెళ్ళి పెళ్ళాం వండింది నోట్లో పెట్టుకుని, "అన్నవంటే మలుపు హోటల్దేనే" అనేవాడు. ఉప్పు చాల్లేదనో పులుపెక్కువైందనో ఒక్క వేలితో కంచాన్ని ముందుకి తోసేవాడు. అరవడు, తిట్టడు, అలా తోస్తాడంతే. నేను కళ్ళారా చూశాను. నూకరత్నం ఆ కంచం తీసుకుని లోపలికెళ్ళేది. చెరుకు రైతుల ఇంట పుట్టి పదిమంది కూలీలకి వండి పెట్టిన చెయ్యి ఆమెది. "గురూ, పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే" అని నేనంటే దాసు నవ్వేసేవాడు.

ఈ ఏడు దసరా ముందు నూకరత్నానికి రొమ్ములో గడ్డ అన్నారు. విశాఖపట్నంలో ఆపరేషనైంది. ఆ తర్వాత సెలైన్లో ఎక్కించే మందు మొదలుపెట్టారు. జుట్టు ఊడింది. ఊడితే ఊడింది, మళ్ళీ వస్తుంది. కానీ నాలిక మీద రుచి పోయింది. "ఏది ఎట్టుకున్నా ఇనప గొలుసు నాకినట్టుంది తమ్ముడూ" అనేది నాతో. నేను ఆమెని అప్ప అంటాను, ఆమె నన్ను తమ్ముడంటుంది. కూతురు దేవిశ్రీ అనకాపల్లిలో టీచరు. సెలవులన్నీ వాడేసి, ఆదివారం ఆదివారం వచ్చి నాలుగు రకాలు వండి, తల్లి ముట్టుకోకపోతే ఏడుస్తూ వెళ్ళేది.

సంక్రాంతి వెళ్ళాక డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది. బరువు ఇలాగే పడిపోతుంటే తర్వాతి డోసు ఇవ్వలేను, ఒళ్ళు మందుని తట్టుకోదు, ముందు తినిపించండి అంది. దాసు చేతులు కట్టుకుని విన్నాడు. బయట మెట్ల మీద కూలబడి నన్ను పిలిచాడు.

"రాజూ, దీన్ని మలుపు హోటలుకి తీసుకెల్దాం."

"నీకు మతి గాని పోయిందేటి గురూ? డాక్టరమ్మకి తెలిస్తే మనిద్దర్నీ చీపురు తిరగేసి కొడతాది."

"అక్కడ అన్నం వద్దన్న మనిషిని నాను సూడనేదు" అన్నాడు.

అతను చూడలేదు. నేను చూశాను. భోజనాలయ్యాక బస్సెక్కిన ప్రతివాడూ నన్ను పట్టుకుని, ఇలాంటి దిక్కుమాలిన హోటల్లో ఆపుతారేటి బాబూ అని కడిగేసేవాడు. ఇంటి దగ్గర్నుంచి కేరేజీ తెచ్చుకోవల్సిందని నేనూ కసిరేవాణ్ణి. ఇంజను పక్కన కూర్చున్న దాసుకి అవేవీ వినిపించేవి కావు. ముందు హాల్లో అన్నం వేరు, వెనక గదిలో అన్నం వేరు అని అతనికీ తెలుసనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ మెట్ల మీద అతని మొహం చూశాక గానీ, అతనికి ఆ సంగతి తెలియదని నాకు అర్థం కాలేదు. అప్పటికప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని డిపో అంతటికీ తెలుసు. అలాంటి నాకు ఆ రోజు నోరు రాలేదు.

రిటైరైన స్టాఫ్‌కిచ్చే పాసుల మీద ముగ్గురం బస్సెక్కాం. దాసు మొదటి సీట్లో కూర్చున్నాడు. మలుపొచ్చినప్పుడల్లా అతని కుడికాలు కింద రేకుని నొక్కుతోంది. నూకరత్నం తలకి స్కార్ఫు కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మొగుడు ముప్పై ఏళ్ళు నడిపిన రూటు, ఆమె మాడుగుల దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. "కొండలు ఇంత దగ్గరగుంటాయేటి" అంది. ఆ మాటకి నాకు మనసు పాడైంది.

హోటల్ దగ్గర దిగగానే దాసు అలవాటుగా పక్క సందులోంచి వెనక గదికి నడిచాడు. సర్వరు అడ్డొచ్చాడు.

"అటు బస్సు స్టాఫ్‌కండీ. మీరు ముందు కూర్చోండి."

"నానూ డ్రైవర్నే బాబూ."

"ఏ బస్సండీ మీది?"

దాసు వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. మేమొచ్చిన బస్సు అక్కడ ఆగుంది. దాని డ్రైవరు దిగి, ఒళ్ళు విరుచుకుంటూ మా పక్కనుంచే లోపలికి వెళ్ళాడు. సర్వరు తప్పుగా ఏమీ అనలేదు, అడగాల్సిందే అడిగాడు. దాసు ముందు హాల్లోకి వచ్చి కూర్చున్నాడు.

అన్నం వచ్చింది. ముద్దలు కట్టేసింది. పప్పులో నీళ్ళు ఒక పక్క, పప్పు ఒక పక్క. కూర పొద్దుటిది. దాసు ఒక ముద్ద పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"రాజూ, ఇదేటి?"

"ఇదే."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఇంతే గురూ. మనకి లోపల వేరే పెట్టేవోరు."

నూకరత్నం నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. వేసుకుని, చిన్న రాయి తీసి ఆకు అంచున పెట్టింది. "రుచి తెల్దు గానీ రాయి తెలుస్తంది" అంది. ఆపైన మొగుడి వైపు తిరిగింది. "ఈ అన్నానికేనా నువ్వు నా కంచం తోసీసీవోడివి?"

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. దాసు, ఇది కాదు, లోపల్ది వేరు అని గొణిగాడు. "అయితే ఆ లోపల్దే పెట్టించు. నువ్వేం తిన్నావో అదే తింతాను" అందామె.

నోరున్నవాణ్ణి కాబట్టి నేను లోపలికెళ్ళాను. వెనక గదిలో ఇందాకటి డ్రైవరు ఫోను చూసుకుంటూ నూడుల్స్ తింటున్నాడు. మా రోజుల్లో స్టాఫ్‌కి వండిన అప్పలనరసమ్మ మానేసి చాన్నాళ్ళైందనీ, రోలుగుంటలో కూతురి దగ్గరుందనీ వంటవాళ్ళలో ఒకడు చెప్పాడు. తిరుగు బస్సులో దాసు కాలు రేకు మీద కదల్లేదు. ఆ వారం నూకరత్నం మజ్జిగ నీళ్ళతోనే గడిపింది.

ముగ్గురం రోలుగుంట వెళ్ళాం. అప్పలనరసమ్మకి ఒక కంట్లో శుక్లం వచ్చింది. నేను నోరు విప్పగానే పట్టేసింది. "నువ్వు కండెట్రువి. ఈ గొంతు ఇనేగా కొండ మీద కోతులు దిగిపోయీవి" అంది. దాసు మొహం మాత్రం పోల్చుకోలేకపోయింది. పాడేరు బండి డ్రైవరని చెప్తే, "మొకం సూడనేదు బాబూ, వంట గదిలోంచి ఎలాగ సూస్తాను. నీ హారన్ ఎరుగుదును. రెండు పొట్టి, ఒకటి పొడుగు" అంది.

దాసు అంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పెళ్ళానికి జబ్బనీ, తిండి లేదనీ, తినకపోతే మందు ఆపేస్తారనీ, మీ చేతి వంటకోసమే వచ్చామనీ గడగడా చెప్పేశాడు. "అందులో ఏటేసీదానివి పిన్నీ? ఆ రుచి నాకు మరెక్కడా దొరకనేదు" అన్నాడు.

ముసలామె అతన్ని వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఏటేస్తాను? బియ్యం, నీళ్ళు. ముందు హాలు గుండిగలో బియ్యవే అవి కూడా."

"అవేనా?"

"అవే. జనానికి పొద్దున్నే వండీసీవోళ్ళం. మీకు ఎసరు మరగబెట్టి ఉంచీదాన్ని. పై మలుపు కాడ నీ హారన్ ఇనిపిస్తే బియ్యం ఏసీదాన్ని. నువ్వు బండి దిగి, మొకం కడుక్కుని, పీట మీద కూకునీతలికి వార్చీదాన్ని. ఘాటు దిగొచ్చినోడికి పొగలొచ్చే అన్నం, ఇంత చారు, ఒక ఎండు చేప. ఆకలి రుచెరగదన్నారు కదా బాబూ. అంతకి మించి నా చేతిలో ఏటుంది?"

నూకరత్నం అంతా వింది. మెల్లిగా నవ్వింది. జబ్బు మొదలయ్యాక ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. "విన్నావా?" అంది మొగుడితో. "మన ఈది మొదట్ల నువ్వూ హారన్ కొట్టుంటే నానూ వేడిగానే వార్చీదాన్ని. బస్సు ఏ రోజు లేటో, ఏ రోజు కాదో నాకెలాగ తెలుస్తాది? వండుకుని కూకునీదాన్ని. చల్లారిపోయీది."

దాసు తల వంచుకున్నాడు. నేను పైకప్పు రేకుల వైపు చూశాను. బస్సు లేటయ్యేది కాదు. దాని కండక్టర్ని నేనే కదా.

అప్పలనరసమ్మ పొయ్యి వెలిగించి, మేం కూర్చున్నాక బియ్యం వేసి, పొగలు పోకుండా వడ్డించింది. నూకరత్నం చారు పోసుకుని సగం కంచం తింది. కక్కుకోలేదు. చెయ్యి కడుక్కుంటూ, "రుచి తెలీనేదు గానీ వేడి తెలిసింది" అంది. ఆ మాటకే దాసు ముసలామె కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆమె తిట్టి లేపింది.

ఆ హుషారు ఇంటికొచ్చే దారిలోనూ ఉంది. చోడవరంలో ఆటో ఎక్కి, ఊరి చివర తాళ్ళ దగ్గరికొచ్చేసరికి నూకరత్నమే అడిగింది.

"ఇక్కడేదో పాకలో కల్లు తేనెలాగుంటాదనీవోడివి కదా, ఎప్పుడైనా పండక్కి తాగొచ్చినప్పుడు. అదీ సూపించు. ఒక గుక్క నోటికి పడతాదేమో."

"డాక్టరమ్మ తిడతాదే. మరెప్పుడైనా ఎల్దాం" అన్నాడు దాసు.

"ఒక్క గుక్కకి ఏం కాదులే గురూ, అప్ప సరదా పడుతోంది" అన్నాను. అన్నది నేనే. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా?

దేముడమ్మ పాక రోడ్డుకి కొంచెం లోపలుంది. తాటాకు కప్పు, రెండు బల్లలు, ఒక మూల పాత బస్సులోంచి పీకిన డ్రైవరు సీటు. దేముడమ్మ మమ్మల్ని చూసి మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చింది.

"ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి డ్రైవరు బాబూ. సూడు, నీ సీటు మీద ఎవల్నీ కూకోనివ్వనేదు నాను."

నూకరత్నం ఆ సీటు వైపు చూసింది. దాని రెగ్జిను ఒక మనిషి ఒంటికి సరిపడా నలిగి, నున్నగా అయిపోయింది. "ఈయన సీటా?" అంది.

"మరెవల్దమ్మా. డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే. ఒక ముంత అట్టుకుని కూకుంటే దీపాలెట్టీదాకా లెగిసీవోడు కాదు."

"ఎప్పుడైనానా?"

"రోజూనమ్మా." దేముడమ్మ మంచి మాటే చెప్తున్నాననుకుంది. "నా పాక ఎట్టిన కాణ్ణించీ. ఒక మాట తూలీవోడు కాదు, ఒక్క ముంత దాటీవోడు కాదు. అలాంటి మనిషి ఉండడు."

నూకరత్నం చేతిలో దేముడమ్మ ఇచ్చిన ముంత ఉంది. దాన్ని జాగ్రత్తగా, ఒలక్కుండా బల్ల మీద పెట్టింది. "ఇంటికెల్దాం" అంది.

ఇంటికెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. మొగుడితో మాట్లాడలేదు. ఆ రాత్రి తినలేదు, మర్నాడూ తినలేదు. దేవిశ్రీ వచ్చి బతిమాలితే రెండు గుక్కలు గంజి తాగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే బరువు ఇంకా దిగింది. డోసు వెయ్యకుండానే పంపేశారు. వారం చూస్తాను, ఆ తర్వాత నా చేతుల్లో లేదు అంది డాక్టరమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాసుని వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి దులిపేశాను. "ఇన్నేళ్ళు బస్సు లేటని అబద్ధం చెప్పేవా? కల్లు తాగితే తాగేవు, ఇంటికెళ్ళి ఓ మాట చెప్పడానికేటయింది నీకు? ఆవిడ నీకోసం అన్నం ముందెట్టుకుని కూర్చుంటే నువ్వక్కడ జమీందారులా సీటేసుకుని కూర్చున్నావా?"

దాసు రెండు చేతులూ ఎత్తి నా మొహం ముందు పెట్టాడు. వేళ్ళు వణుకుతున్నాయి.

"స్టీరింగు మీదుంటే ఆగీవి రాజూ. దిగితే మొదలయ్యీవి. పెళ్ళయిన కొత్తల్లోంచే ఉంది. కల్లు కోసం కాదు, ఇవి కాస్త నెమ్మదించీదాకా కూకునీవోణ్ణి. డిపోలో తెలిస్తే బండి తీసీసుకుంటారు. దీనికి తెలిస్తే నాను బండెక్కిన ప్రతి రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకునుంటాది. అందుకని."

ముప్పై ఏళ్ళు ఆ చేతుల పక్కనే తిరిగాను. మనిషిని చూస్తే టిక్కెట్టు తీస్తాడో ఎగ్గొడతాడో చెప్పగలిగినవాణ్ణి, అది మాత్రం చూడలేదు. అరుగు దిగి వచ్చేశాను. ఆమెతో చెప్పమని మాత్రం అన్నాను. అతను చెప్పలేదు.

మర్నాటి నుంచి దాసు వంటింట్లోకి చేరాడు. జన్మలో పొయ్యి వెలిగించిన మనిషి కాదు. అప్పలనరసమ్మ చెప్పిందే పాఠం, ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి. పెళ్ళాం మంచం పక్కన ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా పెట్టాడు. "తినాలనిపిస్తే కొట్టు. అప్పుడే బియ్యం ఏస్తాను" అన్నాడు. ఆమె గోడ వైపే చూస్తోంది. ఆమె పక్క మీద కదిలితే చాలు, కొట్టబోతోందేమో అని ఆత్రపడి బియ్యం వేసేవాడు. వార్చి పట్టుకెళ్ళేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. ఆ వారం మా వీధి గేదెలన్నీ దాసు వండిందే తిన్నాయి. నేను గంజి పారబోసి, బియ్యం తెచ్చి, గ్యాసు బండ మార్చి, విసుక్కుంటూ అక్కడే ఉన్నాను. గంట గంటకీ ఆమె మొహంలో బుగ్గలు లోపలికి పోతున్నట్టే అనిపించేది నాకు. భయం వేసింది. ఉన్నమాట చెప్తున్నాను, ఇంక ఆమె లేవదనే అనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజుకి ఇంకా ఒక రోజు మధ్యలో ఉందనగా, మధ్యాహ్నం పూట, నేను అరుగు మీద పేపరు తిరగేస్తున్నాను. లోపల చెంచా మోగింది.

చెవులు భ్రమపడ్డాయేమో అనుకున్నాను. మళ్ళీ మోగింది. వంటింట్లో దాసు చేతిలోంచి మూత కింద పడింది. నేను వెళ్ళేసరికి బియ్యం వేసేశాడు. అంత కంగారులో చారు కూడా మొదలుపెట్టాడు. వార్చేటప్పుడు గంజి కాలి మీద ఒలికింది, అతను చూసుకోలేదు. పొగలు వస్తుండగా కంచం పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

నూకరత్నం గోడకి జారబడి కూర్చుంది. చారు కలుపుకుంది. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని ఆగిపోయింది. మొహం ముడుచుకుపోయింది. కక్కేస్తుందని నేను బేసిను అందుకున్నాను.

ముద్ద మింగింది. ఒక్క వేలితో కంచాన్ని ముందుకి తోసింది.

దాసు గుమ్మం పట్టుకున్నాడు.

"ఉప్పు కషాయంలాగుంది" అంది.

"ఏటి?" అన్నాడు దాసు.

"చారులో ఉప్పు. నోట ఎట్టనేం. ఎంతేసీవు?"

దాసుకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నాకూ అంతే. అర్థమయ్యాక అతను అక్కడే చతికిలబడిపోయాడు. "ఉప్పు తెలిసిందేటి రత్నం? నిజంగా తెలిసిందేటి?" అని అడుగుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా కళ్ళూ ఆగలేదు, సిగ్గేమీ లేదు.

ఆమె ఏడవలేదు. మొగుడి చేతిలో ఇంకా ఉన్న గరిట వైపు చూస్తోంది. గరిట కదులుతోంది.

"చెయ్యి ఇంకా ఒణుకుతందా?" అంది.

ఆమెకి నేను చెప్పలేదు. అతనూ చెప్పలేదు. దాసు గబుక్కున ఆ చేతిని భుజం మీది తువ్వాలు కిందికి తోశాడు.

"దాయకు. నాకు తెల్దనుకున్నావేటి? పెళ్ళయిన కొత్తల్లోంచీ తెలుసు. నువ్వొచ్చి బయట గొళ్ళెం తీస్తంటే అది టకటకా కొట్టుకునీది. లోపల కూకుని ఇనీదాన్ని. నువ్వే సెప్తావని సూసేను. ఒక్కనాడు సెప్పనేదు." ఆయాసంతోనే మళ్ళీ అందుకుంది. "కల్లు తాగీవని కాదు నాకు కోపం. ఆ చేతులు పట్టుకెల్లి అక్కడ ఆ పాకలో కూకున్నావు. ఇంట్లో నా ముందు కూకోకూడదేటి? చల్లారిన అన్నం నాను తిననేదేటి రోజూ నీతోపాటు?"

దాసు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"లెగు. చారులో కాసిన్ని వేణ్ణీళ్ళు పోసి తే" అంది. కంచాన్ని తనే దగ్గరికి లాక్కుంది. "ఎల్లుండి ఆసుపత్రి కదా. రేపు నువ్వు ఎసరు సూసుకో, ఉప్పు నాను ఏస్తాను."

వేణ్ణీళ్ళు నేను పట్టుకొచ్చాను. పల్చబడ్డ చారుతో ఆమె ఒక్కొక్క ముద్దా మెల్లిగా తింటోంది. ఎల్లుండి బరువు ముల్లు ఎక్కడ ఆగుతుందో, డాక్టరమ్మ ఏమంటుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. దాసు వచ్చి ఆమెకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి పక్కన పెట్టి, ఆ చేతిని ఆమెకి కనిపించేలా మోకాలి మీద పెట్టుకున్నాడు.